పాల్పా కొండల్లో వడ్డీ లెక్కలు: రిటైరయ్యాక నేపాల్‌లో నా అనుభవం

2025 జూన్ నుంచి సెప్టెంబరు దాకా నేపాల్‌లోని పాల్పా జిల్లాలో, తాన్సేన్ పట్నం నుంచి జీపులో రెండు గంటలు పోతే వచ్చే ఒక పల్లెలో లెక్కలు చెప్పి వచ్చాను. జీతం లేదు, వలంటీరుగానే. జగిత్యాలకు తిరిగొచ్చినప్పటి నుంచి నాతో పనిచేసిన టీచర్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి ఎలా వెళ్లారు, ఎంతయింది, ఒక్కరే వెళ్లడానికి భయం వేయలేదా అని అడుగుతున్నారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను 2024 జూన్ 30న స్కూల్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ హైస్కూళ్లలో గణితం చెప్పాను. శాలువాలు కప్పారు, ఫోటోలు తీశారు, ఆటో నిండా పూలదండలతో ఇంటికొచ్చాను. మా వారు అంతకు ముందు ఏడాదే పోయారు. అబ్బాయి హైదరాబాద్‌లో, అమ్మాయి పుణెలో. పొద్దున ఐదింటికే మెలకువ వచ్చేది, తొమ్మిదికల్లా ఇంటి పని అయిపోయేది. ఆ తర్వాత సాయంత్రం వరకు నాతో ఎవరికీ పని లేదు. దాన్ని బాధ అని కూడా అనలేకపోయేదాన్ని. పెన్షన్ వస్తోంది, ఒంట్లో బాగానే ఉంది, ఇంకేం కావాలి అని అందరూ అనేవాళ్లు. నాకూ జవాబు తెలిసేది కాదు.

ఆ సెప్టెంబరు 5న, టీచర్స్ డే నాడు, దోహాలో పనిచేసే నా పాత విద్యార్థి ఒకడు వీడియో కాల్ చేశాడు. మా జిల్లాలో గల్ఫ్‌కు పోని కుటుంబం తక్కువ. వాడి గదిలో ఉండే నేపాలీ అబ్బాయికి ఫోన్ ఇచ్చి, “మేడమ్, వీళ్ల ఊరి స్కూల్లో లెక్కల టీచర్ లేక రెండేళ్లయిందట” అన్నాడు. ఆ అబ్బాయి హిందీలో తన చెల్లెలు పదో తరగతి చదువుతోందని, లెక్కలంటే ఏడుస్తుందని చెప్పాడు. అది ఐదు నిమిషాల మాట. నెల గడిచినా నా బుర్రలోంచి పోలేదు.

2025 జనవరిలో వెతకడం మొదలుపెట్టాను. మొదట మాట్లాడిన సంస్థ రెండు వారాలకు లక్షా ఇరవై వేలు అడిగింది. అందులో కొండ యాత్ర, ఏనుగుల పార్కు అన్నీ ఉన్నాయి, క్లాసులు మాత్రం రోజుకు రెండు గంటలే. వద్దనుకున్నాను. తర్వాత నేపాల్‌లోని బుట్వల్ పట్నంలో స్థానికులు నడిపే ఒక చిన్న సంస్థ ఆ ప్రాంతపు స్కూళ్లతో పనిచేస్తోందని దోహాలోని ఆ నేపాలీ అబ్బాయి ద్వారానే తెలిసింది. మెయిల్ పెడితే మూడు వారాల దాకా జవాబు లేదు. ఫిబ్రవరి మధ్యలో వీడియోలో మాట్లాడారు. వాళ్లు మొదట అడిగిన ప్రశ్న, “మూడు నెలలు ఉండగలరా? అంతకన్నా తక్కువైతే పిల్లలకు ఉపయోగం లేదు” అని. నాకు నమ్మకం కుదిరింది ఆ మాటతోనే. మీలో ఎవరైనా వెళ్లాలనుకుంటే, ఎన్ని రోజులైనా ఫర్వాలేదు అనే సంస్థ గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి.

అడిగిన కాగితాలు ఇవి: సర్టిఫికెట్ల కాపీలు, నన్నెరిగిన ఇద్దరి లేఖలు, పిల్లల రక్షణకు సంబంధించిన ఒక హామీ పత్రం, పోలీస్ క్లియరెన్స్. క్లియరెన్స్‌కు పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా 500 రూపాయలు కట్టాను, రెండు వారాల్లోపే వచ్చింది. ఆలస్యమంతా అవతలి వైపే జరిగింది. స్కూలు యాజమాన్య సమితి ఒప్పుకోవాలి. వాళ్ల విద్యా సంవత్సరం వైశాఖంలో, అంటే మన ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది. అడ్మిషన్ల హడావుడిలో సమితి సమావేశమే జరగలేదు. మే నెలాఖరులో గాని ‘రండి’ అన్న మాట రాలేదు. ఈలోపు మా అబ్బాయి, “అమ్మా, లెక్కలు చెప్పాలంటే ఇక్కడ పిల్లలు లేరా?” అని చాలాసార్లు అడిగాడు. ఉన్నారు. కానీ ఇక్కడ నన్ను ‘రిటైరైన మేడమ్’గానే చూస్తున్నారు. అక్కడ ఒక పీరియడ్ ఖాళీగా ఉంది. అంతకన్నా బాగా వాడికి చెప్పలేకపోయాను.

జూన్ రెండో వారంలో కాజీపేటలో గోరఖ్‌పూర్ రైలెక్కాను. థర్డ్ ఏసీ టికెట్ రెండు వేల లోపే. గోరఖ్‌పూర్ నుంచి సునౌలీ సరిహద్దుకు బస్సులో మూడు గంటలు. భారతీయులకు వీసా లేదు, పాస్‌పోర్టు మీద ముద్ర కూడా వేయరు. నడుచుకుంటూ గేటు దాటితే నేపాల్. పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని ఉండాలి, ఆధార్‌ను నమ్ముకుని వెళ్లకండి. డబ్బు విషయం ముఖ్యం: మన 200, 500 నోట్లు అప్పటికి అక్కడ చెల్లవు. 100 నోట్ల కట్టలు బ్యాంకులో ముందే తీసుకుని వెళ్లాను. మన 100కు వాళ్లవి 160, ఆ లెక్క మారదు. బుట్వల్‌లో ఒక మందుల షాపులో ఫోన్‌తో స్కాన్ చేస్తే డబ్బు వెళ్లింది కానీ పల్లెలో నోటే దిక్కు. గడియారం పావుగంట ముందుకు తిప్పుకోవాలి. వాళ్లది విక్రమ సంవత్ క్యాలెండరు, స్కూలు రిజిస్టర్‌లో సంవత్సరం 2082 అని ఉండేది. నేనున్నప్పుడు ఆదివారం స్కూలుండేది, సెలవు శనివారం.

బుట్వల్ దాటాక సిద్ధబాబా దగ్గర రోడ్డు చూస్తే గుండె జారింది. ఒక పక్క నిట్టనిలువు కొండ, ఇంకో పక్క నది. అప్పుడు అక్కడ సొరంగం పనులు జరుగుతున్నాయి. వర్షాకాలం రాళ్లు పడతాయని బండ్లను ఆపి ఆపి వదులుతారు. నలభై కిలోమీటర్లకు మాకు సగం పూట పట్టింది. పక్క సీటులో ఆవిడ జపమాల తీసింది. నేను కిటికీ అద్దం మూసేసి కళ్లు మూసుకున్నాను.

ఇల్లు బాగా కుదిరింది. ఇంటావిడ నాకంటే ఐదారేళ్లు చిన్న, నన్ను దీదీ అనేది. భర్త మలేషియాలో, పెద్ద కొడుకు ఖతార్‌లో. పొద్దున తొమ్మిదికి పప్పన్నం, మళ్లీ రాత్రి పప్పన్నం, మధ్యలో స్కూల్లో ఏదో చిరుతిండి. పొద్దున్నే కడుపునిండా అన్నం తినడానికి కొన్నాళ్లు పట్టింది. నేను తీసుకెళ్లిన మామిడికాయ తొక్కు ఆవిడకు బాగా నచ్చింది, నెలకే సీసా ఖాళీ. వర్షాకాలంలో వెళ్తే జలగలకు సిద్ధపడండి. ఉప్పు చిన్న గుడ్డలో మూటకట్టి పట్టుకోవడం ఇంటావిడే నేర్పింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ మెట్ల దారులు ఒకసారి ఆలోచించుకోవాలి.

భాష అనుకున్నంత కష్టం కాలేదు. పిల్లలకు హిందీ వస్తుంది, అదీ ఎక్కువగా మన తెలుగు సినిమాల హిందీ డబ్బింగుల వల్లే. మా హీరోల పేర్లు నాకంటే వాళ్లే ఎక్కువ చెప్పారు. త్రిభుజం, సమీకరణం, వర్గం అంటే వాళ్లకూ అవే మాటలు.

మొదటి పది పదిహేను రోజులు మాత్రం వెనక్కి వెళ్లిపోదామనిపించింది. ఎవరైనా టీచర్ రాకపోతే ఆ తరగతికి పంపేవాళ్లు. ఒకరోజు ఆరో తరగతి, ఇంకో రోజు నాలుగు. పిల్లలు మర్యాదగా లేచి నిలబడి, మర్యాదగా కూర్చుని, ఒక్క ప్రశ్న అడిగేవాళ్లు కాదు. రాత్రిళ్లు రేకుల మీద వాన చప్పుడు వింటూ, ఇంత దూరం వచ్చి ఇక్కడ కూడా అదనపు మనిషినే అయ్యానా అని అనుకునేదాన్ని. చాలా ఏడ్చాను ఆ రోజుల్లో. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, వెళ్లగానే సంతృప్తి దొరుకుతుందని ఎవరూ అనుకోకూడదు.

జూన్ 27న వాళ్ల పదో తరగతి బోర్డు పరీక్ష ఎస్ఈఈ ఫలితాలు వచ్చాయి. దేశం మొత్తం మీద 61.81 శాతం గట్టెక్కారు. అంతకు ముందు ఏడాది 47.86 శాతమే కాబట్టి పేపర్లలో, రేడియోలో బాగుందనే మాట. మా స్కూల్లో అలా లేదు. థియరీలో 35 శాతం రాకపోతే ఆ సబ్జెక్టుకు ‘ఎన్‌జీ’, అంటే గ్రేడే ఇవ్వరు. అది ఉంటే పదకొండో తరగతికి దారి మూసుకున్నట్టే. మా పిల్లల్లో ఎన్‌జీ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అది లెక్కల్లోనే వచ్చింది. దోహా అబ్బాయి చెల్లెలికి కూడా.

మర్నాడు శనివారం, స్కూలు లేదు. ఆ అమ్మాయి వాళ్లింటికి వెళ్లాను. గడప మీద కూర్చుని ఉంది. తల్లి లోపల ఫోన్‌లో భర్తతో మాట్లాడుతోంది. “ఇంక చదువెందుకు, పెళ్లి చూద్దాం” అన్న మాట బయటికి వినిపించింది. ఎన్‌జీ వచ్చిన సబ్జెక్టు మళ్లీ రాసుకోవడానికి గ్రేడ్‌వృద్ధి పరీక్ష అని ఒకటి ఉంది, దానికి నెల రోజులు కూడా లేదు. నేను ఆ తల్లిని ఫోన్ ఇమ్మని, హిందీలో ఆయనతో మాట్లాడాను. “ఆ పరీక్ష దాకా మీ అమ్మాయిని పొద్దున ఆరింటికి నా దగ్గరికి పంపండి, ఆ తర్వాత మీ ఇష్టం” అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఫీజు ఎంత?” అన్నాడు. లేదన్నాను. “అయితే ఎందుకు చేస్తున్నారు?” అన్నాడు. మా ఊళ్లో మీలాంటి తండ్రులు చాలామంది ఉన్నారన్నాను.

సోమవారం పొద్దున ఆరింటికి ఇంటావిడ వరండాలో ఏడుగురు కూర్చున్నారు. వారానికల్లా పక్క వార్డు పిల్లలు కూడా కలిసి పదిహేను దాటారు. సిలబస్ మొత్తం జోలికి పోలేదు. గట్టెక్కడానికి అవసరమైన అధ్యాయాలు మాత్రం ఎంచుకున్నాం: సమితులు, చక్రవడ్డీ, క్షేత్రమితి, సంభావ్యత. పిల్లలు మొదటిసారి నన్ను ఆపి అడగడం ఈ వరండాలోనే మొదలైంది. ఆ అమ్మాయికి భిన్నాల దగ్గరే తెగిపోయింది, ఐదో తరగతిలో. పదో తరగతి లెక్కలు అర్థం కాకపోవడానికి కారణం అదే, ఐదేళ్లుగా ఒక్కో అంతస్తు కట్టుకుంటూ పోయారు, కింద పునాది లేదు. రోజూ ఒక అరగంట భిన్నాలకే ఇచ్చాం. ఆమె ‘మిస్, మళ్లీ’ అన్నప్పుడల్లా నాకు పదేళ్లు తగ్గినట్టుండేది.

ఈ క్లాసు జరుగుతుండగానే రెండోది పుట్టింది, నా మటుకు అసలు సంగతి అదే. పొద్దున క్లాసుకు చెల్లెల్ని దింపడానికి వచ్చే ఇరవై ఏళ్ల కుర్రాడు ఒకరోజు చక్రవడ్డీ చెబుతుంటే నిలబడి విని, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. ఖతార్ ఉద్యోగపు ఒప్పందం. ఏజెంటుకు లక్షా యాభై వేల నేపాలీ రూపాయలు ఇవ్వాలి, ఊళ్లో నూటికి మూడు వడ్డీకి తెస్తున్నాడు. నూటికి నెలకు మూడు. మా జగిత్యాల పల్లెల్లోనూ ఇదే ధర.

బోర్డు మీద వేశాం. నెలకు వడ్డీయే 4,500. జీతం 1,000 రియాళ్లు, అప్పటి ధరకు దాదాపు 38 వేలు. ఇంటికి పాతిక వేలు పంపగలనన్నాడు. మొత్తం అప్పుకే కడితే ఏడు నెలల్లో తీరుతుంది. కానీ ఇంట్లో తల్లి, చెల్లి తినాలి. దానికి పదిహేను వేలు తీసేస్తే అప్పుకు మిగిలేది పది వేలు. ఆ లెక్కన ఎన్ని నెలలు? వాడే నెలనెలా బాకీ రాసుకుంటూ పోయాడు. సుద్దముక్క అరిగిపోయింది. ఇరవై నెలలు దాటింది. ఒప్పందం రెండేళ్లు. వాడు బోర్డు వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. వరండాలో ఎవరూ మాట్లాడలేదు.

నేను ముప్పై ఏళ్లు చక్రవడ్డీ చెప్పాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో వందలమంది ఇలాగే అప్పు చేసి గల్ఫ్ వెళ్లారు. వాళ్లలో ఒక్కరు కూడా వెళ్లే ముందు ఈ లెక్క వేసుకుని ఉండరు, ఎందుకంటే మా పుస్తకంలో అది ‘రామయ్య బ్యాంకులో దాచిన సొమ్ము’ గురించి. ఆ రోజు నుంచి సాయంత్రం ఆరున్నరకు ఇంకో క్లాసు పెట్టాం. పద్దెనిమిది నుంచి పాతికేళ్ల లోపు వాళ్లు. కొరియాలో ఉద్యోగం కోసం ఆ దేశపు భాషా పరీక్షకు చదువుతున్నవాళ్లు, మలేషియా కాగితాలు పెట్టుకున్నవాళ్లు, కొత్తగా పెళ్లయి భర్తను పంపుతున్న ఇద్దరు అమ్మాయిలు.

ఏం చెప్పామంటే, ఒప్పందంలో మూల వేతనం ఎంత, తిండికి ఎంత, గదికి ఎంత విడివిడిగా చదవడం. ఖతార్‌లో 2021 మార్చి నుంచి కనీసం 1,000 రియాళ్ల మూల వేతనం, యజమాని గది ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనంగా ఇవ్వాలి. ఓవర్‌టైమ్‌కు గంట రేటు మీద పాతిక శాతం ఎక్కువ. వెయ్యి జీతానికి గంటకు 5.2 రియాళ్లు వస్తుంది. రోజుకు రెండు గంటల చొప్పున 26 రోజులు చేస్తే 270. ఈ లెక్క తెలిసినవాడు జీతం చీటీ చూసి అడగగలడు. నేపాల్‌లో 2015 నుంచి గల్ఫ్, మలేషియాలకు ‘ఉచిత వీసా, ఉచిత టికెట్’ విధానం ఉంది. ఏజెన్సీ పది వేలకు మించి తీసుకోకూడదు. ఆ సంగతి విన్నారు గాని నమ్మరు. “అలా అంటే ఏజెంటు కాగితం చింపేస్తాడు మిస్” అన్నారు. నాకు దానికి జవాబు లేదు. కానీ ఆ కుర్రాడు వెళ్లి, ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు అడిగాడు. లక్షా యాభై వేలు డెబ్బై వేలకు దిగింది. అది కూడా అన్యాయమే. అయినా మళ్లీ బోర్డు మీద వేసుకుంటే అప్పు ఎనిమిది నెలల్లో తీరుతుందని తేలింది.

నేను పొద్దున ఐదింటికి లేవడానికి మళ్లీ ఒక కారణం దొరికింది. రాత్రి పడుకునేటప్పుడు రేపు ఏం చెప్పాలో ఆలోచన. బీపీ మాత్ర మర్చిపోకుండా వేసుకున్నాను, ఎందుకంటే క్లాసు తప్పకూడదు.

గ్రేడ్‌వృద్ధి పరీక్షలో వరండా పిల్లల్లో సగానికి పైగా లెక్కలు దాటారు. ఆ అమ్మాయి దాటింది. దాటనివాళ్ల ఇళ్లకూ వెళ్లాను, అది కష్టమైన పని. ఇద్దరు మళ్లీ రాస్తామన్నారు. ఒకడు బుట్వల్‌లో మోటార్ మెకానిక్ దగ్గర చేరిపోయాడు.

సెప్టెంబరు 4న అక్కడి ప్రభుత్వం వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్‌తో కలిపి 26 యాప్‌లను ఆపేయాలని ఆదేశించింది. మర్నాడు టీచర్స్ డే, నా ఫోన్‌లో ఒక్క శుభాకాంక్ష లేదు. నాకు అది చిన్న సంగతి. ఊళ్లో ప్రతి ఇంటి మనిషీ విదేశంలో ఉన్నాడు, మాట్లాడుకునే దారి ఒక్కసారిగా తెగింది. సాయంత్రం క్లాసు పిల్లలే ఇంటింటికీ తిరిగి, ఇంకా పనిచేస్తున్న వైబర్ యాప్‌ను ముసలివాళ్ల ఫోన్లలో వేసి ఇచ్చారు. 8న కాఠ్మాండూలో యువకుల నిరసన మీద కాల్పులు జరిగాయి, ఒక్క రోజే 19 మంది పోయారు. 9న పార్లమెంటు తగలబడింది, ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. కర్ఫ్యూ పెట్టారు. మా పల్లెలో ఏ గొడవా లేదు గాని అందరూ రేడియో దగ్గరే.

మా అబ్బాయి మామూలు ఫోన్ చేసి ఒకటే టెన్షన్. “అమ్మా, కాఠ్మాండూలో చిక్కుకున్న తెలుగువాళ్లను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విమానంలో తెస్తోందట, నువ్వెలాగైనా అక్కడికి వెళ్లలేవా?” అన్నాడు. అప్పుడు రోడ్డెక్కడమే ప్రమాదం, ఉన్నచోటే క్షేమం అని నచ్చజెప్పాను. సంస్థవాళ్లు రోజూ పొద్దునా సాయంత్రం ఫోన్ చేశారు. వెళ్లేముందు మీ సంస్థను అడగాల్సిన ప్రశ్న ఇది: గొడవ జరిగితే ఎవరు ఫోన్ చేస్తారు, ఏ దారిన పంపిస్తారు?

ఆ వారం సాయంత్రం క్లాసు ఆగలేదు, కానీ లెక్కలు చేయలేదు. వాళ్లే మాట్లాడుకున్నారు. ఉండాలా, వెళ్లాలా అని. కాల్పుల్లో పోయినవాళ్లది వాళ్ల వయసే. కొరియా పరీక్షకు చదివే అమ్మాయి, “ఇక్కడే పనుంటే నేను ఆ భాష ఎందుకు నేర్చుకుంటాను మిస్?” అంది. 12న మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేసినప్పుడు అదే అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆడమనిషి ప్రధాని కావడం వాళ్ల దేశంలో అదే మొదటిసారి.

దసరాకు అక్కడ స్కూళ్లు మూసే ముందు, సరిహద్దు కుదుటపడ్డాక, బయల్దేరాను. ఇంటావిడ తాన్సేన్‌లో నేసిన, ‘ఢాకా’ అనే అక్కడి నేత శాలువా కప్పింది. సద్దుల బతుకమ్మకు ఇంట్లో ఉన్నాను.

ఖర్చు అడిగినవాళ్ల కోసం: ఇంటికి నెలకు 15 వేలు నేపాలీ, అంటే మన 9,375, మూడు నెలలకు 28 వేల పైచిలుకు. సంస్థకు ఒకేసారి 5 వేలు. రానూపోనూ రైళ్లు, బస్సులు, జీపులు 7 వేలు. ఇన్సూరెన్స్, మందులు, సిమ్, సుద్దముక్కలు, పుస్తకాలు కలిపి 12 వేలు. మొత్తం 52 వేల దాకా అయింది. ఏటీఎంలో తీసిన ప్రతిసారీ చార్జీ పడుతుంది, ఒకేసారి ఎక్కువ తీసుకోండి.

ఇప్పుడు జగిత్యాలలో ఆదివారం పొద్దున మా ఇంటి మేడ మీద గల్ఫ్ కాగితాలు పట్టుకుని పిల్లలు వస్తున్నారు. మన నూటికి మూడు వడ్డీ, మన ఏజెంట్లు, అదే లెక్క. మొదటివారం ముగ్గురు, ఇప్పుడు మేడ సరిపోవడం లేదు. పాల్పాలో సాయంత్రం క్లాసును ఆ కొరియా అమ్మాయి నడుపుతోంది, శనివారాలు వీడియోలో నేనూ కూర్చుంటాను. వాళ్ల తర్వాతి ఎస్ఈఈ ముందు మళ్లీ రమ్మని సమితి నుంచి ఉత్తరం వచ్చింది. చలికాలం కాబట్టి ఈసారి స్వెట్టర్లు కొనాలి. పోలీస్ క్లియరెన్స్‌కు మళ్లీ దరఖాస్తు పెట్టాను.